ఒక ఒరలో

టీ కప్పు పట్టుకుని వేళ్ళు వెచ్చబడ్డాకే
యిస్క్రా పెదవి ఎత్తుతాను.
చల్లటి చేతులంటే దానికి గిట్టదు.
ఇరవయ్యారేళ్ళు బ్ర్నోలో ట్రాం నడిపాను,
ఒక్క స్టాపూ దాటేసి పోలేదు,
నలభై రెండు పళ్ళు లెక్కపెట్టడం ఎంత పని.

ముందుపళ్ళు నాలుగో నెలలోనే మారడం మొదలుపెట్టాయి.
ఒకటి నీళ్ళ గిన్నె అడుగున దొరికింది,
ఒకటి నా ఉన్ని మేజోడులో.
మిగతావి మింగేసి ఉంటుంది.
నూకగింజంత లేవు, ఎవరు వెతుకుతారు.

ఇవాళ్టికి ఆరు నెలల పన్నెండు రోజులు.
కింద ఎడమ కోర మాత్రం
ఇంకా పాలకోరే.
సూదిలా ఉంటుంది, అయినా
అద్దె ఎగ్గొట్టినవాడు గది ఖాళీ చెయ్యనట్టు
కదలనంటోంది.
దాని పక్కనే, నాలుక వైపు,
అసలు కోర తెల్లగా తల ఎత్తింది.
ఒక ఒరలో రెండు కత్తులు.
నోరు మూసినప్పుడల్లా కొత్తదాని మొన
అంగిలికి గుచ్చుకుంటోంది.
అక్కడ కందిగింజంత ఎర్రటి గుంట.

ఒలోమౌట్స్ ప్రదర్శనకి ఇంకా పందొమ్మిది రోజులు.
బల్ల మీద నిలబెట్టగానే
జడ్జి నోరు తెరిచి చూస్తాడు.
నడక తరవాత. చెవులు తరవాత.

కింది అంతస్తు ద్వోర్జాచెక్ ష్నాజర్లని పెంచుతాడు,
సలహాలని కూడా.
"పాతగుడ్డ ముడేసి గుంజులాట ఆడించు.
గడ్డకట్టిన క్యారెట్ కొరకనీ.
కాదంటే నా పట్టకారు ఉండనే ఉంది."
గుంజులాట ఆడాం. గుడ్డ చిరిగింది.
క్యారెట్ సోఫా కిందికి పోయింది.
పట్టకారుకి ఓ దణ్ణం పెట్టి వచ్చేశాను.

డాక్టర్ షెబెస్తోవా ఎక్స్‌రే తెర మీద చూపించింది.
పైకి కనిపించేది కొంచెమే.
వేరు దవడలోకి వంగి
పంటికి రెట్టింపు పొడవు.
"బలంగా లాగితే విరుగుతుంది,
సగం లోపలే ఉండిపోతుంది.
మత్తిచ్చి మెల్లగా వదులు చెయ్యాలి."
రెండు కిలోల ప్రాణానికి మత్తు.
సరేనన్నాను, పంటిబిగువున.

అప్పుడామె కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగింది:
"దీని తల్లికి కూడా ఇలా ఉండేదా?"

తల్లి లోట్కా.
మూడేళ్ళ కిందట, ఇదే వయసులో, ఇదే పక్క.
వేరే ఊళ్ళో, వేరే డాక్టర్ దగ్గర తీయించాను.
తరవాత లోట్కాకి రెండు కప్పులొచ్చాయి,
అద్దాల బీరువాలో ఉన్నాయి, వారం వారం తుడుస్తాను.
వంశావళి నోటుబుక్కులో
దాని రంగు రాశాను, ఎత్తు రాశాను,
ఉరుములకి బెదరదని కూడా రాశాను.

"లేదు" అన్నాను.

బయట బల్ల మీద నలభై నిమిషాలు.
నా పక్కన ఒకాయన, ఒళ్ళో తాబేలు.
ఏమైందని అడిగితే, పన్ను అన్నాను.
దీనికి అసలు పళ్ళే లేవు, హాయి, అన్నాడు.

గాజుగుడ్డలో పెట్టి ఇచ్చారు.
చేపముల్లులాంటి వేరు, చివరిదాకా, విరగలేదు.
యిస్క్రా నాలుక ఓ పక్కకి వేలాడేసి
నన్ను చూసి తోక ఊపబోయి, కూలబడింది.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.
"ఉండేది," అన్నాను. "తల్లికీ ఉండేది."
డాక్టర్ ఏమీ అనలేదు. రాసుకుంది.

వాపు నాలుగు రోజుల్లో తగ్గింది.
ఒలోమౌట్స్‌కి వెళ్ళొచ్చు. వెళ్తానో లేదో.
యిస్క్రా మొదటి ఈతలో ఒక ఆడపిల్ల కావాలని
జిలినా నుంచి ఎమిలియా గారు డబ్బు పంపారు.
ఆ కవరింకా విప్పలేదు.

రాత్రి నోటుబుక్కు తీశాను.
లోట్కా పేజీ నిండిపోయి ఉంది,
రంగుకీ ఎత్తుకీ మధ్య చోటు చాలక
అంచున ఇరికించి రాశాను:
కింద ఎడమ పాలకోర ఊడలేదు. తీయించాను.
అక్షరాలు వంకరపోయాయి.

ఒళ్ళోంచి మెడ చాచి
యిస్క్రా నా కలం కొరికింది.
మూత మీద చూశాను,
గాటు ఒకటే, కుడివైపుది.